మూడో టార్చిలైటు

భీమవరానికి దగ్గరలోని ఒక గ్రామం నుంచి, పేరు వేయవద్దని కోరుతూ, ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆయన పగలు జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతారు. రాత్రిళ్లు తండ్రిగారితో వంతులు వేసుకుని ఐదెకరాల వనామీ రొయ్యల చెరువును కనిపెట్టుకుని ఉంటారు. రెండేళ్లలో రెండు ఖరీదైన టార్చిలైట్లు కొన్నారు. మొదటిది ఎప్పుడు నొక్కినా ముందు పూర్తి వెలుగుతోనే వెలుగుతుంది. తక్కువ వెలుగు కావాలంటే ఐదు మెట్లూ దిగాలి, దారిలో కళ్లు చెదిరేలా మిణుకుమిణుకుమనే మెట్టు ఒకటి తగులుతుంది. శుక్లాల ఆపరేషను చేయించుకున్న తండ్రిగారు మకాంలో నిద్రపోతూ ఉండగా అర్ధరాత్రి ఆ లైటు వేసినప్పుడల్లా పెద్దాయన లేచి కూర్చుంటున్నారట. రెండోది చిన్నది, అందమైనది. కానీ ఒకరోజు తరగతి గదిలో ప్యాంటు జేబులోనే దానంతటది వెలిగి, గుడ్డ మాడిన వాసన వచ్చేదాకా ఆయన గమనించలేదు.

ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్న బావమరిది సంక్రాంతికి వస్తూ మంచి లైటు ఒకటి తెస్తానన్నారు. ఏది కావాలో పదిహేను రోజుల్లో చెప్పమన్నారు. మన ఉత్తర రచయిత మూడింటిని ఎంచుకుని, వాటి మధ్య ఆరు నెలలుగా ఊగుతున్నారు. ఒకటి, తోక వైపు గుండీ తిప్పుతూ వెలుగు పెంచుకుని తగ్గించుకునే అమెరికా లైటు, లెక్కేస్తే ఇరవై వేలు దాటుతోంది. రెండోది, పక్కనున్న స్విచ్చిని నొక్కి పట్టుకుంటే వెలుగు నెమ్మదిగా పెరిగే నాలుగు బల్బుల పొట్టి లైటు, గరిష్ఠంగా 3000 ల్యూమెన్లు (లైటు మొత్తంగా ఇచ్చే వెలుగుకు కొలత) అంటున్నారు. మూడోది, ఐదు స్థిరమైన మెట్లతో, 400 మీటర్ల దూరం కొడుతుందనే పొడవాటి లైటు. అందులో అతి తక్కువ మెట్టు 30 ల్యూమెన్లు. ఈలోగా శ్రీమతి, "ఏరేటరు గేర్‌బాక్సు మార్చడానికి డబ్బు లేదన్నారు, మూడో లైటుకు ఎక్కడిది?" అని అడిగారు (ఏరేటరు అంటే చెరువు నీటిలో గాలి కలిపే యంత్రం). తండ్రిగారు తన పాత మూడు సెల్లుల రేకు లైటు తీసి గట్టు అవతలికి కొట్టి చూపించి నవ్వారు. "ఒక్క పేరు చెప్పండి, అదే తెప్పించుకుంటాను" అని ఉత్తరం ముగిసింది.

మాస్టారూ, ఒక్క పేరు చెప్పడం నాకు తేలికే. కానీ మీ మొదటి రెండు లైట్లూ ఎవరో ఒకరు ఒక్క పేరు చెబితే కొన్నవే అయి ఉంటాయని నా అనుమానం. అందుకని మీ ఉత్తరాన్నే ముందు మీకు తిరిగి చదివి వినిపిస్తాను. ఆరు పేజీలలో మీరు ల్యూమెన్ల లెక్క పద్నాలుగు సార్లు రాశారు. కానీ మీరు చెప్పుకున్న కష్టాలలో వెలుగు చాలక వచ్చినది ఒక్కటీ లేదు. ఒకటి అక్కరలేనంత వెలుగు ముందుగా రావడం వల్ల వచ్చింది, రెండోది అక్కరలేనప్పుడు వెలగడం వల్ల వచ్చింది. అంటే మీరు వెతకవలసినది లైటు ఎంత పైకి వెళుతుందన్న అంకె కాదు. అది ఎంత కిందికి దిగుతుంది, ఆ కింది మెట్టును చీకట్లో, తడి చేత్తో, ఒక్క కదలికతో అందుకోగలరా అన్నదే మీ అసలు ప్రశ్న. ఈ మాట పట్టుకుంటే మీ మూడింటి మధ్య చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

మీ రాత్రిని ఒకసారి వరుసగా చూద్దాం. మకాంలో చెప్పులు వెతుక్కోవడానికి, పుస్తకంలో మేత లెక్క రాసుకోవడానికి ఒక ల్యూమెను సరిపోతుంది. చీకటికి అలవాటుపడిన కంటికి అది తక్కువేమీ కాదు. మేత పెట్టి నీటిలో ఉంచే చెక్‌ట్రే పైకి లాగి మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా అని చూడటానికి మూరెడు దూరం నుంచి 20 నుంచి 40 ల్యూమెన్లు చాలు. అంతకు మించితే తడి ట్రే మీద నుంచి వెలుగు మీ కంట్లోకే తిరిగి కొడుతుంది. పైగా వెలుగుకు బెదిరిన వనామీ ఎలా ఎగురుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. గట్టు మీద నడకకు 100 ల్యూమెన్లు హాయిగా ఉంటాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్య గట్టుకు చేరుతోందేమోనని అంచు వెంబడి చూసేటప్పుడు కూడా అంతే. అవతలి మూలన ఏరేటరు తిరుగుతోందా, తూము దగ్గర ఎవరైనా ఉన్నారా అని చూడటానికి మాత్రమే దూరం కొట్టే వెలుగు కావాలి, అదీ ఒక అర నిమిషం పాటు. రాత్రి మొత్తంలో పెద్ద వెలుగు అవసరం రెండు మూడు నిమిషాలకు మించదని నా లెక్క. కాదనుకుంటే ఒక వారం పాటు మీ మేత పుస్తకంలోనే పక్కన రాసి చూడండి.

కన్ను వెలుగును కొలిచే తీరు కూడా లెక్కల మాస్టారికి నచ్చే విషయమే. వెలుగు రెట్టింపు చేస్తే కంటికి రెట్టింపుగా అనిపించదు. రెట్టింపు అనిపించాలంటే దాదాపు నాలుగు రెట్లు చేయాలి. 500 ల్యూమెన్ల లైటుకూ 700 ల్యూమెన్ల లైటుకూ ధరలో తేడా కనబడినంతగా గట్టు మీద తేడా కనబడదు. కానీ అటువైపు, కిందిమెట్టు 30 ల్యూమెన్ల దగ్గర ఆగిపోయిన లైటుకూ అర ల్యూమెను దాకా దిగే లైటుకూ ఉన్న తేడా అరవై రెట్లు, అది మీ నాన్నగారికి నిద్రలో కూడా తెలుస్తుంది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది, ఆ అలవాటును పోగొట్టడానికి ఒక్క పెద్ద వెలుగు కొన్ని క్షణాలపాటు పడితే చాలు. చెరువు మీద నల్లని నీటిలో చిన్న కదలికను పసిగట్టేది ఆ అలవాటుపడిన కన్నే కదా.

పెద్ద అంకెలో ఇంకో మడత ఉంది. అరచేతిలో ఇమిడే లైటు 3000 ల్యూమెన్లు ఇస్తుందంటే అబద్ధం కాదు, కానీ ఒకటి రెండు నిమిషాలలో ఒళ్లు కాలిపోయేంత వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఆ వెలుగును నాలుగో వంతుకో ఇంకా తక్కువకో దించుకుంటుంది. వేడిని వదిలేది ఆ అల్యూమినియం ఒళ్లే, మీ చెయ్యే. పొట్టి లైటుకు ఒళ్లు తక్కువ. సెల్లు లెక్క చూసినా ఇదే తేలుతుంది. 18650 అనే సెల్లు 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. మంచి రకంలో 3500 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే సుమారు 12.6 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. వాటుకు వంద ల్యూమెన్లు అనుకుంటే, 100 ల్యూమెన్లను అది పన్నెండు గంటలు మోస్తుంది, 10 ల్యూమెన్లను పది రాత్రులు మోస్తుంది. వెడల్పు 21 మిల్లీమీటర్లు, పొడవు 70 మిల్లీమీటర్లు ఉండే 21700 సెల్లులో 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల దాకా ఉంటుంది. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో కరెంటు లేకుండా గడిపిన రాత్రులు గుర్తున్నవారెవరూ తక్కువ వెలుగును తక్కువగా చూడరు. అలాంటి రాత్రి 50 ల్యూమెన్లను తెల్లని పైకప్పుకేసి కొడితే గదిలో అన్నాలు తినవచ్చు.

దూరం సంగతికి వద్దాం, ఎందుకంటే నాన్నగారి నవ్వు మిమ్మల్ని ఎక్కువ బాధించింది అక్కడే అనిపిస్తోంది. డబ్బా మీద రాసే మీటర్లను ఒక ప్రమాణం ప్రకారం కొలుస్తారు: వెలుగు తగ్గి తగ్గి 0.25 లక్స్ (ఒక చోట పడే వెలుగుకు కొలత) దగ్గరకు, అంటే నిండు పున్నమి వెన్నెలంతటికి, చేరిన దూరమే ఆ లైటు దూరం. వెన్నెల్లో మనిషి ఆకారం తెలుస్తుంది గానీ మొహం తెలియదు. దూరం సగమైతే వెలుగు నాలుగింతలు అవుతుంది కనుక, 400 మీటర్లని రాసిన లైటు 200 మీటర్ల దగ్గర ఒక లక్స్ ఇస్తుంది. 250 మీటర్లని రాసినది 125 దగ్గర అంతే ఇస్తుంది. ఇప్పుడు మీ చెరువును కొలవండి. ఐదెకరాలు చదరంగా ఉన్నాయనుకుంటే ఒక్కో గట్టు సుమారు 142 మీటర్లు, మూల నుంచి మూలకు 200 మీటర్లు. అంటే మకాం చెరువు మూలన ఉంటే మీకు 400 మీటర్ల లైటుతో నిజంగానే పని ఉంది. గట్టు మధ్యలో ఉంటే అవతలి మూల సుమారు 160 మీటర్లే, అక్కడికి 320 మీటర్లని రాసిన లైటు సరిపోతుంది. నాన్నగారి రేకు లైటు అంత దూరం కొట్టడానికి కారణం వెలుగు ఎక్కువ కావడం కాదు, బల్బు చుట్టూ ఉండే వెడల్పాటి మెరిసే గిన్నె ఆ కొద్దిపాటి వెలుగునంతా ఒకచోటికి కూర్చడం. జేబులో పట్టే లైటు గిన్నె చిన్నది కనుక దానికి ఆ పని కష్టం. జేబు, దూరం అనే రెండు కోరికలను ఒకే లైటు మీద పెట్టడమే మీ ఆరు నెలల ఊగిసలాటకు మూలమని నేను అనుకుంటున్నాను.

ఇక మీ మూడింటి సంగతి. తోక గుండీ తిప్పే రకాన్ని అమెరికాలోని అరిజోనాలో హెచ్.డి.ఎస్. అనే చిన్న సంస్థ చాలా ఏళ్లుగా చేస్తోంది. మీరు రాసిన వివరాలను బట్టి మీ బావమరిది చూసినది అదే అయి ఉంటుంది. లోపలి సర్క్యూటు కదలకుండా దాని చుట్టూ జిగురు పోసి గట్టిపరచడం వారి పద్ధతి, కనుక కింద పడినా తట్టుకుంటుంది. మెట్లు లెక్కపెట్టే పని లేదు. పాత రేడియోలో వాల్యూము తిప్పినట్టు తిప్పడమే. మీ మొదటి కష్టానికి ఇంతకన్నా సూటి మందు లేదు. దీన్ని ఎంచుకుంటే మీరు వదులుకునేవి కూడా ఉన్నాయి. పెద్ద వెలుగు మిగతా రెండింటితో పోలిస్తే చాలా తక్కువ. చెడిపోతే సముద్రాలు దాటి పంపాలి. తడి చేత్తో తిప్పడం కొంత అలవాటయ్యే దాకా జారుతుంది. అన్నిటికన్నా, ఇరవై వేల వస్తువు చెరువులో జారితే తేలదు. మణికట్టుకు తాడు లేకుండా దాన్ని గట్టు ఎక్కించకండి.

నొక్కి పట్టుకుంటే పెరిగే నాలుగు బల్బుల రకంలో చాలావాటిలో అండ్యూరిల్ అనే ప్రోగ్రాము ఉంటుంది. దాని గుణం తెలుసుకుంటే మీ భయం సగం పోతుంది. ఆరిపోయి ఉన్నప్పుడు స్విచ్చిని నొక్కి పట్టుకుంటే అతి తక్కువ వెలుగుతోనే మొదలై పైకి పాకుతుంది. వెంటవెంటనే నాలుగుసార్లు నొక్కితే తాళం పడుతుంది, మళ్లీ నాలుగుసార్లు నొక్కితే తాళం తీస్తుంది. రెండుసార్లు నొక్కితే గరిష్ఠానికి వెళుతుంది, మీ చెయ్యి తడబడినా వెళుతుంది, అదే దీని ప్రమాదం. ధర మొదటిదానిలో మూడో వంతు కూడా ఉండదు, వెలుగు నేల మీద చాపలా పరుచుకుంటుంది, నడకకు అంతకన్నా హాయి లేదు. అయితే మీరు లేని రాత్రి నాన్నగారు దాన్ని పట్టుకుంటే ఏమవుతుందో ఆలోచించుకోవాలి. సాదా పద్ధతి అని ఒకటి అందులో ఉంది, దానిలో పెడితే మిణుకు మెట్లన్నీ దాగిపోతాయి. అయినా స్విచ్చి మీద వేలు బరువును లెక్కపెట్టే లైటు పెద్దలందరికీ పడదు. మీ రెండో లైటులాగే ఇది కూడా ఒత్తిడికి వెలిగే స్విచ్చి కనుక, జేబులో వేసే ముందు నాలుగు నొక్కుల తాళమైనా వేయాలి, లేదా వెనుక మూతను పావు చుట్టు వదులు చేయాలి. మూత వదులు చేయడం మరింత ఖాయమైన మార్గం, ఎందుకంటే దాంతో కరెంటు దారే తెగిపోతుంది. మీ పాత చిన్న లైటుకూ ఇది పనికొస్తుంది, ప్యాంటు మాడకముందు ఎవరైనా చెప్పి ఉండవలసింది.

పొడవాటి మూడోదాని గురించి ఎక్కువ రాయను. అది చెరువుకు మంచి లైటే, జేబుకు కాదు. 30 ల్యూమెన్ల కిందిమెట్టును ఇరుకు కిరణంగా ట్రే మీద కొడితే మధ్యలో సున్నం వేసినట్టు తెల్లబడి, చుట్టూ ఏమీ కనబడదు. దాన్ని కొంటే మకాంలో మేకుకు తగిలించి ఉంచాలి, అంటే జేబు సమస్య మీకు అలాగే ఉండిపోతుంది.

ఏది ఎంచుకున్నా రెండు పరీక్షలు మాత్రం వదలకండి. మొదటిది మిణుకు పరీక్ష. కొన్ని లైట్లు వెలుగు తగ్గించడానికి కరెంటును నిజంగా తగ్గించవు, సెకనుకు కొన్ని వందలసార్లు ఆర్పి వెలిగిస్తాయి. అలాంటి లైటు ఏరేటరు మీద కొడితే నీటి తుంపరలు పూసలు గుచ్చినట్టు విడివిడిగా కనబడతాయి, తిరిగే రెక్కలు ఒక్కోసారి నిలిచిపోయినట్టో వెనక్కి తిరుగుతున్నట్టో భ్రమ కలుగుతుంది. ఏరేటరు తిరుగుతోందో లేదో చూడటానికే లైటు వేసేవారికి ఇంతకన్నా వింత కష్టం ఏముంటుంది! కింది మెట్టు దగ్గర వెలుగు ముందు వేళ్లు చాపి చెయ్యి వేగంగా ఊపండి. వేళ్లు పది ఇరవై ముక్కలుగా కనబడితే ఆ లైటు వద్దు. రెండోది రంగు పరీక్ష. రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, సి.ఆర్.ఐ. అంటారు, వందకు తొంభై దాటినది అడగండి. వెలుగు రంగు 4000 కెల్విన్ దగ్గర, అంటే కొద్దిగా పసుపు తిరిగినది అయితే మంచిది. నీలి తెలుపు లైటులో ఎండుగడ్డి, మట్టి, రక్తపింజరి ఒంటి మీది గొలుసు మచ్చలు అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. రొయ్య గుల్ల మీద మచ్చలు, పేగు రంగు కూడా అంతే. పసుపు వెలుగుకు పురుగులు కూడా తక్కువగా ముసురుతాయి. ఇలాంటి బల్బు అదే కరెంటుకు కొంత తక్కువ ల్యూమెన్లు ఇస్తుంది, డబ్బా మీద అంకె చిన్నదవుతుంది, దానికి మీరు బాధపడరని ఈపాటికి నా నమ్మకం. లైటు ఉంది కదా అని బూట్లు, కర్ర మానకండి.

ఉప్పు నీటి గురించి మీరు అడగలేదు, అడగవలసింది. డబ్బా మీద ఐ.పి.ఎక్స్.8 అని ఉన్నా, ఆ మాట మంచినీటిలో మునకకు చెప్పినది. చెరువు నీరు మర చుట్టలలో ఎండితే అల్యూమినియం తెల్లగా పూస్తుంది, మూత బిగుసుకుపోతుంది. పొద్దున్నే మూత గట్టిగా బిగించి కుళాయి కింద కడిగి తుడవండి, నెలకోసారి మర తుడిచి రబ్బరు చుట్టకు సిలికాన్ గ్రీజు రాయండి. చేతికి అందింది కదా అని కొబ్బరినూనె, వాజలీను రాయవద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బుతుంది.

ఇప్పుడు మీ శ్రీమతి మాట. ఆమె లైటు వద్దనలేదు, గేర్‌బాక్సు తర్వాత అన్నారు. నాకు ఆ వరుస తప్పుగా తోచడం లేదు. ఆక్సిజన్ పడిన రాత్రి ఏరేటరు ఆగితే పోయే పంట ముందు ఏ లైటు ధరా లెక్కలోకి రాదు. మీకు మూడు దారులు కనబడుతున్నాయి. గేర్‌బాక్సు ఈ పంటకే మార్చి, అమెరికా లైటును బావమరిది కానుకగా ఇస్తేనే తీసుకోవడం ఒకటి. కానుక అయితే దాని ధర మళ్లీ ఇంట్లో చర్చకు రాదని మాత్రం ముందే ఖాయం చేసుకోండి, లేకపోతే బావమరిది తిరిగి వెళ్లాక ఆ ఇరవై వేలు మీ పద్దులోనే పడతాయి. రెండో దారిలో నాలుగు బల్బుల పొట్టి లైటును పసుపు బల్బులతో తెప్పించుకుని, దూరం కొట్టే పని నాన్నగారి రేకు లైటుకే వదిలేస్తారు. మీ జేబు ఖర్చులో ముగుస్తుంది, నాన్నగారి మాటా నిలుస్తుంది, కానీ తాళం వేయడం మరిచిన రోజున మళ్లీ ప్యాంటు సంగతి మొదటికి వస్తుంది. మూడోది, ఈ సంక్రాంతికి ఏమీ కొనకపోవడం. మీ మొదటి లైటు గాజు మీద వెన్న కాగితం రెండు మూడు పొరలు అంటించి కింది మెట్టులోనే ఉంచి ఒక పంట కాలం మకాంలో వాడి చూడవచ్చు. అప్పటికి మీకు ఎంత వెలుగుతో ఎన్నిసార్లు పని పడిందో పుస్తకంలో అంకెలు ఉంటాయి, నా ఊహలతో పని ఉండదు. ఆ కాగితాన్ని ఎక్కువ మెట్లలో మాత్రం ఉంచకండి, వేడికి కమిలిపోతుంది.

నన్ను ఇరుకున పెట్టి అడిగితే, తరగతి గదికీ చెరువు గట్టుకూ ఒకే లైటు మోసే మనిషికి తిప్పుడు గుండీ వైపు మొగ్గుతాను. నేను రోజూ వాడేది మాత్రం నొక్కి పట్టుకునే రకమే, నాకు చెరువు లేదు, పక్కన నిద్రపోయే పెద్దాయన కూడా లేరు.

బావమరిదికి ఫోను చేసేటప్పుడు ఒక్కటి మరవకండి. లిథియం సెల్లులను విడిగా తెచ్చేటట్టయితే చేతి సంచిలోనే తేవాలి, విమానం అడుగున వేసే పెట్టెలో పెట్టకూడదు. సెల్లు చివరలు ఒకదానికొకటి తగలకుండా చిన్న డబ్బీలో ఉండాలి, లైటులో ఉన్న సెల్లుకు మూత వదులు చేసి ఉంచాలి. ఇక్కడే కొనుక్కుందామనుకుంటే, 18650 సెల్లు మీద 9900 మిల్లీ ఆంపియర్ అవర్లని రాసి ఉన్నది ఎంత చవకైనా ముట్టుకోకండి; ఆ సైజులో అంత శక్తి పట్టదు, రాసినవారు అబద్ధమాడారని అంకే చెబుతోంది.